పరాయి దేశపు ఓడకు పసుపూ బొట్టూ

మా దీవుల్లో, రంగత్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు మొదటి బస్సు తెల్లవారకముందే బయలుదేరుతుంది. దాని కోసం నూకాలమ్మ ఇంకా ముందే వచ్చి మా తలుపు బాదింది. పట్టుచీర, తలనిండా పూలు, చంకలో పీచు తీయని కొబ్బరికాయ! పెళ్లికూతురు కూడా అంత తయారవదు.

నూకాలమ్మ మా పక్కింటావిడ. ఆమె మొగుడు ఎర్రయ్య వేటకు వెళ్లినప్పుడు పడవ ఇంజను చెడి తూర్పుకు కొట్టుకుపోయాడు. వారాల తరబడి కబురు లేదు. చివరికి పోలీసు స్టేషనుకు వైర్‌లెస్‌లో చల్లని మాట వచ్చింది. తూర్పున ఉన్న ఒక స్నేహదేశపు యుద్ధనౌక అతన్ని కాపాడిందట. మన దేశమూ, చుట్టుపక్కల మిత్రదేశాలూ కలిసి చేసే నౌకా విన్యాసాల కోసం ఆ ఓడ పోర్ట్ బ్లెయిర్ వస్తోంది, వస్తూ ఎర్రయ్యనూ తెస్తోంది. దిల్లీలో పెద్దలు ఏం ఒప్పందాలు చేసుకున్నారో గానీ, మా వీధి మాత్రం ఒక్క పూటలో విదేశాంగ విధానాన్ని ఔపోసన పట్టేసింది. నేను బడికి సెలవు పెట్టి నూకాలమ్మకు తోడు బయలుదేరాను.

కిటికీ పక్క సీటు ఆమెకే ఇచ్చాను. ఒడిలో కొబ్బరికాయ చూసి కండక్టరు, "ఏ గుడికి దీదీ?" అన్నాడు.

"గుడికి కాదు భయ్యా, జహాజుకి!" అంది నూకాలమ్మ.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏ పడవ తన మొగుణ్ణి తెస్తే ఆ పడవ అణియానికి, అంటే ముందు ముక్కుకు, పసుపు రాసి బొట్టు పెట్టి కాయ కొడతానని గంగమ్మకు మొక్కుకుంది. వేటకెళ్లి తప్పిపోయినవాళ్ల కోసం వాళ్లింట్లో తరతరాలుగా మొక్కే మొక్కేనట అది. "అంతవరకూ ఆడి కాలు నేలకి తగలకూడదు టీచరమ్మా. తగిలితే గంగమ్మ మళ్లీ పిలిసేస్తాది," అంది. యుద్ధనౌకకు బొట్టేమిటని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

బారాటాంగ్‌లో పూరీ, కూర తిన్నాం. ఈ దారిన వచ్చేవారికి ఒక మాట: పంటు మీద బస్సు ఖాడీ, అంటే సముద్రపు పాయ, దాటేటప్పుడు కిందికి దిగి రెయిలింగు దగ్గర నిలబడండి, ఆ గాలికి సగం అలసట పోతుంది. తర్వాత ఆదివాసుల రక్షిత అడవి దారి, పోలీసు కాపలాతో బండ్లన్నీ కలిసి పోవాలి. ఎక్కడా ఆపరు. మధ్యాహ్నానికి పోర్ట్ బ్లెయిర్ చేరి, ఆటోలో హాడో రేవుకు పరుగెత్తాం.

రేవంతా రంగు రంగుల జెండాలు. బ్యాండువాళ్లు బూరలు తుడుచుకుంటున్నారు. మమ్మల్ని లోపలికి తీసుకెళ్లిన మన నేవీ కుర్రాఫీసరు ఉత్తరాదివాడు, మహా మర్యాదస్తుడు. బూడిదరంగు ఓడ వచ్చి ఆనింది, నిచ్చెన దించారు. పైన ఎర్రయ్య! గెడ్డం పెరిగి, వాళ్లిచ్చిన తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. బ్యాండు మోగింది. ఫోటోగ్రాఫరు సిద్ధం. ఎర్రయ్య నిచ్చెన సగం దిగి, అక్కడే ఆగిపోయాడు.

"బొట్టెట్టేవేటే?" అని పైనుంచి కేకేశాడు.

"నేదు మావా! దిగకు!"

బ్యాండు మరో పాట ఎత్తుకుంది. నూకాలమ్మ సంచిలోంచి పసుపు పొట్లం, కుంకుమ భరిణె తీసింది. ఆఫీసరు మా మీదికి వంగి, "దీదీ, వో విదేశీ జహాజ్ హై," అన్నాడు. దానికి ఏదీ రాయకూడదట. నేను మొక్కు సంగతి హిందీలో చెప్పాను. పాపం, రెండు దేశాల మధ్య ఇలాంటి చిక్కు వస్తుందని అతని చదువులో ఎవరూ చెప్పి ఉండరు. అతను వెళ్లి ఆ ఓడ కెప్టెన్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. ఆ పొట్టి కెప్టెన్ గంభీరంగా విన్నాడు, ఎర్రయ్యను చూశాడు, మమ్మల్ని చూశాడు. రేవుకు కట్టిన తాడుకు పెట్టుకోమని సైగ చేశాడు.

"పగ్గానికెడితే పడవకెట్టినట్టా?" అంది నూకాలమ్మ.

ఆ మాట నా హిందీ, ఆఫీసరు ఇంగ్లీషు దాటి చేరగానే ఈసారి కెప్టెన్ పెద్దగా నవ్వేసి, పైకి రమ్మని చెయ్యి చాపాడు. నూకాలమ్మ చెప్పులు విడిచింది. నేనూ విడిచాను. మా వెనక ఆఫీసరు కంగారులో బూటు లేసులు విప్పడం మొదలుపెట్టాడు! నిచ్చెన మధ్యలో ఎర్రయ్య పక్కకు ఒదిగి దారిచ్చాడు. ఇన్నాళ్లూ ఎదురుచూసి చూసి కళ్లు కాయలు కాసిన మనిషి, మొగుణ్ణి కన్నెత్తి చూడకుండా దాటిపోయింది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

ఓడ ముక్కు దాకా వెళ్లి పసుపు రాసింది, మూడు బొట్లు పెట్టింది. తాళ్లు చుట్టే ఇనపదిమ్మ మీద కాయ కొట్టింది. వాళ్లదీ కొబ్బరి దేశమే కాబోలు, ఒక నావికుడు చటుక్కున గ్లాసు పట్టి నీళ్లు కింద పడనివ్వలేదు. ఇంకొకడు టోపీ తీసి నుదురు ముందుకు పెట్టాడు. అంతే, వరుస కట్టారు. కుంకుమ భరిణె అయిపోయేదాకా పెడుతూనే ఉంది. ఆఖరి బొట్టు కెప్టెన్‌కు. అప్పుడు తిరిగి వచ్చి మొగుణ్ణి చూసింది.

"సిక్కిపోనావు మావా," అంది. అతను దిగాడు. రేవంతా చప్పట్లు కొట్టింది.

ఆ రాత్రికి బతు బస్తీలో ఆమె పిన్ని ఇంట్లో ఉండి, మర్నాడు తిరుగు బస్సెక్కాం. జిర్కాటాంగ్‌లో పోలీసు కాపలా కోసం బండ్లన్నీ వరుసలో ఆగాయి. నిన్నటి సంబరం చెప్పుకుని నవ్వుకుంటుంటే ఎర్రయ్య నెమ్మదిగా నోరు విప్పాడు.

"ఆ ఓడ నాకు ముందే అగుపడింది టీచరమ్మా. జెండా సూస్తే మనది కాదు. జైల్లో ఎడతారని బయమేసి టార్పాలిన్ కింద దూరిపోనాను. ఆలే సిన్న పడవ దింపి, ఒచ్చి, ఎత్తి సూసారు."

వాళ్లు ఆ పడవ దించకపోతే? దేశాలు ఎంత స్నేహంగా ఉన్నా, ఆ సంగతి నీళ్ల మీద బతికేవాడికి చెప్పినవారు లేరు. బడిలో మిత్రదేశాల పాఠం చెప్పే నేను కూడా, గోడకు అవతల ఉన్న మనిషికి చెప్పలేదు.

"మల్లీ ఏటకెల్తావా?" అంది నూకాలమ్మ.

"ఎల్లకపోతే ఏటి తింటాం?"

ఆమె అతని భుజం మీద గట్టిగా రెండు దెబ్బలు వేసింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఎల్లు. గానీ మావా, ఏ జెండా అయినా సరే, ఓడ అగుపడితే దాక్కోకు. లెగిసి సెయ్యూపు."