గడబిడ మామ బిందెల పాట

ఆ కాలంలో మా నారాయణపేటలో సంగీతం బాగుందో లేదో తేల్చడానికి ఒకటే పద్ధతి. తల ఊపడానికి వీలుంటే బాగున్నట్టు, లేకుంటే లేనట్టు. ఆ పరీక్షలో మా మేనమామ ఎన్నడూ పాసు కాలేదు. ఆయన మగ్గాల ఇంట్లో పుట్టి, నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించి, హైదరాబాదులో ఎవరింట్లోనో రేడియోలో పరదేశపు సంగీతమేదో విని, "చప్పుడుకు, పాటకు నడుమ గోడ గట్టిందెవరు?" అని అడుగుతూ తిరిగొచ్చాడు. (అడిగింది మా అమ్మమ్మను. ఆమె "నేనైతే కట్టలే కొడకా" అన్నది.) అప్పటి నుంచి మగ్గం చప్పుడు, బిందెలు, సైకిలు గంట కలిపి పాటలు కట్టడం మొదలుపెట్టాడు. ఊరు ఆయనకు గడబిడ మామ అని పేరు పెట్టి, పెళ్లిళ్లకు పిలవడం మానేసింది.

నాకు అప్పుడే బాలికల బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. వార్షికోత్సవానికి పాట నేర్పించే పని నా మీద పడితే మామను పిలిపించాను. రిహార్సలు విన్న పెద్ద పంతులమ్మ చెవులు మూసుకుని, "ఏందమ్మా గిది? వంటింట్ల పిల్లి దూరినట్టుంది! ప్రార్థన పాట పెట్టు" అన్నది. "పిల్లలు కష్టపడి నేర్చుకున్నరమ్మా, గిదే పెడత" అన్నాను. (ఆమె కళ్లెర్రజేసింది, నేను మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.)

ఉత్సవం నాడు ఆడపిల్లలు కొందరు బిందెల ముందు, కొందరు మగ్గం చప్పుడు చేసే చెక్కలు పట్టుకుని కూర్చున్నారు. మొదటి బిందె మోగగానే జనం గొల్లుమన్నారు. మామ ఆపేశాడు. నవ్వు తగ్గేదాకా నిలబడి, "మల్ల మొదటి నుంచి, బిడ్డా" అన్నాడు. మళ్లీ నవ్వు, మళ్లీ ఆపడం, మళ్లీ మొదలు. ముందు వరుసలోంచి ఒక పటేలు లేచి, "జర జల్ది కానియ్యవయ్యా! అన్నం యాళ్ల దాటుతాంది" అని మొత్తుకున్నాడు. "మీరు నవ్వుడు బంద్ జేస్తే నేను జల్ది అయిపోగొడత పటేలా" అన్నాడు మామ. పటేలు గిర్రున వెనక్కి తిరిగి, "ఎవడన్న నవ్విండంటే చూడుండ్రి!" అని గర్జించాడు. ఆకలికి భయపడి సభ గప్‌చుప్ అయింది. అప్పుడు వినిపించింది పాట. మగ్గం నడక మీద బిందెలు ఒకదానికొకటి జవాబిచ్చుకుంటున్నాయి, నడుమ సైకిలు గంట ఒక్కసారి పలికింది. వెనక నిలబడ్డ నేతగాళ్ల ఆడవాళ్లలో ఒకామె, "మా ఇల్లు వినబడుతాంది" అన్నది పక్కామెతో. పాట అయిపోయాక చప్పట్లు కొట్టాలో వద్దో పెద్దమనుషులకు తోచలేదు. వాళ్లు తేల్చుకునేలోపే ఆడవాళ్లు కొట్టేశారు.

మర్నాడు పెద్ద పంతులమ్మ, తన మాట విననందుకు నన్ను క్షమాపణ రాసిమ్మన్నది. రాయలేదు. నన్ను జిల్లా దాటించి కేతేపల్లి బడికి పంపారు. బస్సు దగ్గర మామ తలవంచుకుని, "నా పాట నీ నౌకరీ మీదికొచ్చె గద బిడ్డా" అన్నాడు. "నౌకరీ యాడికి పోయింది మామా, ఊరే మారింది. బిందెలు ఆడ లేవా?" అన్నాను. ఆయన నవ్విన నవ్వుకు కండక్టరు ఉలిక్కిపడ్డాడు.

కేతేపల్లి పిల్లలకూ ఆ పాట నేర్పాను. వాళ్లలో ఒకమ్మాయి పెద్దదై, టీచరై, తన బళ్లో కొత్త చప్పుళ్లు కూడా కలిపి నేర్పుతోందని తెలిసి మామ పొంగిపోయాడు. బతికినన్నాళ్లూ హార్మోనియం పాఠాలు చెప్పి పొట్ట పోసుకున్నాడే తప్ప, ఊరు అడిగిన పాట ఒక్కటీ కట్టలేదు.

ఇప్పుడు ఎవరైనా అట్లాంటి క్షమాపణ కాగితం అడిగితే రాసిచ్చి, ఇంటికొచ్చి చాయ్ తాగుతానేమో. వయసు నన్నంత మంచిదాన్ని చేసింది. ఆ ఇరవయ్యేళ్ల పొగరుబోతు పంతులమ్మకు నా ఈ మంచితనం అసలు నచ్చదు. నాకు మాత్రం దాని పొగరంటే ఇప్పటికీ ముచ్చటే.