మచ్చు చూసి కొన్న షేరు

నరసరావుపేటలో మిరపకాయల బస్తాలోకి చెయ్యి దూర్చడంలో పోలిశెట్టి వెంకట్రామయ్య తర్వాతే ఎవరైనా. నలభై ఏళ్ళు అదే పని. రైతు మాట వినడు, బస్తా పైనున్న కాయ చూడడు. మోచేతి దాకా దూర్చి, అడుగు నుంచి గుప్పెడు మచ్చు లాగి, వాసన చూసి, రెండు తుమ్ములు తుమ్మి, అప్పుడు ధర చెప్పేవాడు. పైన ఎర్రటి కాయ పరిచి లోపల రంగు పోయిన తాలు కాయ కుక్కిన వాళ్ళంతా ఆ చేతికి దొరికిపోయేవాళ్ళు. తను అమ్మేటప్పుడు మాత్రం పైన ఎర్రటి కాయే పరిచేవాడు. అది వ్యాపారం, వేరే సంగతి.

మోకాళ్ళు పట్టేసి కొట్టు మూసేశాక ఆ చేతికి పని లేకుండా పోయింది. పని లేని చెయ్యి ఫోను పట్టుకుంది. ఫోనులో షేర్ మార్కెట్ కనపడింది. ఇంకేముంది, ఇంటికి శని పట్టింది.

పొద్దున తొమ్మిదింబావు కొట్టేసరికి మూసేసిన కొట్టు అరుగు మీద సభ మొదలయ్యేది. సభ్యులు ఇద్దరే. ఒకరు వెంకట్రామయ్య, రెండోవాడు రిటైరైన లెక్కల మాస్టారు అప్పారావు. వెంకట్రామయ్య మనసు పడ్డ ఒక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ వార్షిక నివేదికను మాస్టారు ప్రింటు తీయించి, పరీక్ష పేపరులాగా ఎర్ర పెన్నుతో దిద్ది మరీ పట్టుకొచ్చేవాడు.

“కనెక్షన్లు పెరుగుతున్నయ్ గానీ, ఒక్కో కనెక్షన్ మీద వచ్చే రాబడి పెరగట్లా. కేబుల్ వెయ్యటానికి తెచ్చిన అప్పు చానా ఉంది వెంకట్రామయ్యా,” అనేవాడు మాస్టారు.

“కాగితం మీద తాలు కాయ కనపడిద్దా మాస్టారూ? మచ్చు చూడాల.”

టీవీలో కోటు వేసుకుని షేర్ల సంగతి చెప్పేవాళ్ళన్నా వెంకట్రామయ్యకి లెక్కలేదు. ఒక్కడైనా చేతికి కారం అంటిన మనిషిలా ఉన్నాడా అని అడిగేవాడు.

ఇదంతా ఉత్త కబుర్లయితే పోయేది. కానీ ఆయన కన్ను భార్య విశాలాక్షి డిపాజిట్ మీద పడింది. పన్నెండేళ్ళపాటు కందిపొడి, కారప్పొడి పొట్లాలు కట్టి అమ్మి, ఆవిడ నాలుగు లక్షలు కూడబెట్టుకుంది. నెలాఖరుకి ఆ డబ్బు చేతికొస్తుంది. రాగానే పెరట్లో కారం పట్టే మిషను పెట్టాలని ఆవిడ ఆశ. ఇంకొకళ్ళ మిల్లులో వరసలో నిలబడి నిలబడి విసిగిపోయింది పాపం.

“మిషనైతే చప్పుడు చేసిద్దే. షేరు చప్పుడు చెయ్యకుండా పెరిగిద్ది,” అన్నాడు ఈయన.

“మచ్చు చూడందే పావలా పెట్టరు గదా మీరు, మరి దీనికి మచ్చేదీ?” అంది ఆవిడ.

అదీ నిజమే అనుకుని వెంకట్రామయ్య చొక్కా మార్చుకుని ఆ కంపెనీ వాళ్ళ లోకల్ ఆఫీసుకి బయల్దేరాడు. ముందే పది షేర్లు కొని ఉన్నాడేమో, గుమ్మంలోనే గొంతెత్తి, “నేను మీ కంపెనీ షేర్‌హోల్డర్‌ని. మా ఇంటికి నెట్టు పెట్టండి, ఎట్టుంటదో చూసి లక్షలు పెడతా,” అన్నాడు. మేనేజరు కుర్ర మనిషి, పుట్టి బుద్ధెరిగాక షేర్‌హోల్డర్ మొహం చూసి ఎరగడు. లేచి నిలబడి కుర్చీ తుడిచాడు.

మర్నాటికల్లా లైను వచ్చింది. ఆహా, ఏం లైను! వేలు పెట్టేలోపు సినిమా దిగిపోయేది. వెంకట్రామయ్య రోజుకి అయిదుసార్లు స్పీడు కొలిచి, “మూడొందలు మాస్టారూ, మూడొందలు!” అని వీధంతా వినపడేట్టు అరిచేవాడు.

“మాదీ అదే కంపెనీ. సాయంత్రమైతే చక్రం తిరుగుద్ది తప్ప బొమ్మ రాదు,” అన్నాడు అప్పారావు.

“మీ ఇంటి గోడలు మందం. దానికి కంపెనీ ఏం చేసిద్ది?”

విశాలాక్షి మెత్తబడింది. నలభై ఏళ్ళు ఆ చేతిని నమ్మే సంసారం చేసింది మరి. మిషను వాళ్ళకి ఫోను చేసి ఇప్పుడే వద్దని చెప్పి, వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది.

డిపాజిట్ తియ్యడానికి ఒక్కరోజుందనగా, మూడిళ్ళ అవతలున్న షబ్నంకి పొడి పొట్లాలివ్వడానికి వెళ్ళింది. షబ్నం ఇంట్లో కూర్చునే పిల్లలకి ఆన్‌లైన్‌లో ట్యూషన్లు చెబుతుంది. అప్పటికి స్క్రీను బిగుసుకుపోయి, అందులో ఒక పిల్లాడు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు.

“రోజూ ఇదే తంతు పిన్నీ. పిల్లల అమ్మానాన్నలు నన్ను తిడుతున్నారు,” అంది షబ్నం, ఏడుపొక్కటే తక్కువ.

బయట స్తంభానికి నిచ్చెనేసుకుని లైన్‌మన్ ఇన్నయ్య కుస్తీ పడుతున్నాడు.

“ఇన్నయ్యా, ఇదీ మాదీ ఒకటే కంపెనీ గదా, మాది పరిగెత్తిద్ది, ఇదేంది?”

“మీకు విడిగా లాగాం గదమ్మా. వీధి మొత్తానికి ఒకటి, శెట్టిగారికొకటి. షేర్‌హోల్డరంట, తేడా వస్తే ఉద్యోగాలు పోతయ్యని మేనేజర్ గారు నా పేనం తీశాడు,” అన్నాడు ఇన్నయ్య పైనుంచే.

మర్నాడు పొద్దున వెంకట్రామయ్య బ్యాంకు కాగితాలు సంచిలో పెట్టుకుంటుంటే విశాలాక్షి వచ్చి ఎదురుగా నిలబడింది.

“బస్తా పైకాయ చూసి ఎప్పుడన్నా కొన్నారా?”

“నేనా? అట్టా కొంటే చేతి మీద వాత పెట్టుకుంటా.”

“అయితే చెప్పులేసుకోండి.”

వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పింది. షబ్నం ఇల్లు, అప్పారావు ఇల్లు, కిళ్ళీ కొట్టు. ప్రతిచోటా చక్రమే. ఇన్నయ్య చెప్పింది కూడా నడిరోడ్డు మీదే చెప్పింది. వెంకట్రామయ్య మొహం వాడిపోయింది. మేనేజరుని తిడదామని నోరు తెరిచాడు గానీ తిట్టు రాలేదు. మచ్చు చూడ్డానికొస్తున్నానని ముందే చాటింపు వేసుకుంది తనే. చెప్పి వస్తే ఎవడైనా పైన ఎర్రటి కాయే పరుస్తాడు. నలభై ఏళ్ళు తను చేసిందీ అదే. సిగ్గుతో చచ్చిపోయాడు. సంచిలో కాగితాలు తీసి పెళ్ళాం చేతిలో పెట్టి, “ఆ మిషను వాళ్ళకి ఫోన్ చెయ్యి,” అన్నాడు. ఆ సాయంత్రమే ఇన్నయ్యని పిలిచి విడి లైను పీకించి వీధి లైనులో కలిపించుకున్నాడు.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండును! మిషను వచ్చిన రెండో నెలలో ఆ దిక్కుమాలిన షేరు పాతిక శాతం పెరిగింది. అప్పారావు నివేదిక ఊపుకుంటూ పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

“లక్ష పోయిందయ్యా! నువ్వు పెట్టుంటే లక్ష!”

అబద్ధమెందుకు, వెంకట్రామయ్యకి ఏడుపొచ్చినంత పనయింది. ధర చూద్దామని ఫోను తీస్తే చక్రం తిరుగుతోంది.

“షబ్నం ఇంట్లో నెట్టు బాగుపడిందా మాస్టారూ?” అంది విశాలాక్షి మిషను ఆపి.

“ఎక్కడ! దాని సంగతి అంతే.”

“అయితే ఆ లక్ష కంపెనీ వాళ్ళనే ఉంచుకోమనండి. ఏమండీ, వినుకొండ నుంచి కాయొచ్చింది. చూసి చెప్పండి.”

వెంకట్రామయ్య ఫోను అరుగు మీద పడేసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా బస్తాలోకి దూర్చాడు. గుప్పెడు లాగి, వాసన చూసి, రెండు తుమ్ములు తుమ్మాడు. ఏడాది తర్వాత మొదటిసారి ప్రాణం లేచొచ్చినట్టయింది.

“అడుగునంతా తాలు. వెనక్కి పంపెయ్యి,” అన్నాడు.

విశాలాక్షి వెంటనే బస్తా మూతి కట్టేసింది.