వార్డు బయటి కుళాయి

పెద్ద సిస్టర్ పోయారని ఆదివారం పొద్దున బిట్రగుంట నుంచి ఫోనొచ్చింది. నెల్లూరులో మేం పనిచేసే ప్రమాదాల వార్డుకు ఆవిడ చాలా ఏళ్లు హెడ్ నర్సు. అక్కడ పనిచేసి కూడా మేం మనుషులుగా మిగిలామంటే అది ఆవిడ చలవే.

డ్యూటీ అయ్యాక ఆవిడ ఎవర్నీ నేరుగా ఇంటికి పోనిచ్చేవారు కాదు. వార్డు బయటి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. "ఏం జరిగింది? నువ్వేం చేసినావు?" అంతే. కొత్తలో నాకదంతా చాదస్తంగా తోచేది. ఏదో వంక చెప్పి వెనక గేటు గుండా జారుకునేదాన్ని. కన్నీళ్లు పెట్టుకోని మనిషే గట్టి నర్సని నా నమ్మకం.

హైవే మీద బస్సు బోల్తాపడిన రోజు, మూడేళ్ల పాప నా చేతుల్లోనే పోయింది. ఆ రోజూ జారుకున్నాను. ఇంటికెళ్తే అదే ఈడు నా కూతురు ఎత్తుకోమని చేతులు చాచింది. ఎత్తుకోలేకపోయాను. ముట్టుకుంటే దానికేమవుతుందోనని భయం. వారం రోజులు మా అత్తే దానికి నీళ్లు పోసింది, అన్నం పెట్టింది. ఇక నావల్ల కాదని రాజీనామా కాగితం తీసుకెళ్లి పెద్ద సిస్టర్‌కిచ్చాను.

ఆవిడ చదవలేదు. మడిచి జేబులో పెట్టుకుని నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్లారు. "ముందు కాళ్లు కడుక్కో. ఏం జరిగింది?"

"పాప చచ్చిపోయింది సిస్టర్."

"నువ్వేం చేసినావు?"

"ఏం చెయ్యలేకపోయినా."

"నేనడిగింది అది కాదు. చేసింది చెప్పు."

ఒక్కొక్కటే చెప్పాను. డాక్టరు చాలనేదాకా గుండె నొక్కాను. వాళ్లమ్మ వచ్చేలోగా పాప మొహం తుడిచి, జుట్టు దువ్వాను. ఇంట్లో కూతుర్ని ఎత్తుకోలేకపోతున్న సంగతీ చెబుతూ ఏడ్చేశాను. ఆవిడ బిట్రగుంట వెళ్లే సాయంత్రం రైలు వదులుకుని నా పక్కనే కూర్చున్నారు.

"నేనూ మా పిల్లోణ్ణి ఏడాది దగ్గరికి తీసుకోలేదమ్మే. నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేకపోయినారు" అన్నారు.

ఆ సాయంత్రం నా కూతురికి నేనే నీళ్లు పోశాను. అది సబ్బు నురగ నా మొహాన కొట్టి కిలకిలా నవ్వింది. ఆ కాగితం ఆవిడ తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక, ఆవిడ ఇంటి ముందు కాళ్లు కడుక్కోవడానికి వరసగా నిలబడ్డాం. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న నర్సులం అందరం ఉన్నాం, ఒక్కరూ ఉద్యోగం మానలేదు. ఆ వరసను చూస్తే నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది. నా వెనక, ఆవిడ రిటైరయ్యాక చేరిన అమ్మాయి. నేను రోజూ తనను అడిగే మాటే నన్నడిగింది.

"ఏం జరిగింది సిస్టర్?"

"పెద్ద సిస్టర్ పోయినారు."

"మీరేం చేసినారు?"

"పన్నెండేళ్లుగా ఆ వార్డులోనే ఉండాను. రేపు పొద్దున డ్యూటీకీ పోతాను."

చెంబు ఆ అమ్మాయి చేతికిచ్చి పక్కకు జరిగాను. "ఇప్పుడు నువ్వు చెప్పు."