మాణిక్‌రావు సేటు పుణె ప్రయాణం

కొత్త ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్లు పోయగానే ఒక వాసన లేస్తుంది. కాస్త రబ్బరులా, కాస్త తడిసిన గోనెసంచిలా ఉంటుంది. మొన్న మొలల ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన మరునాడు, గోడ పట్టుకుని మెల్లగా ఆ నీళ్లలో కూర్చుంటుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. వెంటనే మాణిక్‌రావు సేటు గుర్తొచ్చారు. జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి వైపు వెళ్లేటప్పుడు హైవే పక్కన ఆయన లారీల బుకింగ్ ఆఫీసు ఉండేది. నేను అందులో గుమాస్తాను. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా డ్రైవర్లతో, అల్లం లోడు కోసం వచ్చిన రైతులతో ఆ గది సంతలా ఉండేది. సేటు పెద్ద మనిషి, పెద్ద గొంతు, ఇంకా పెద్ద నవ్వు. ఎవరిమీదైనా జోకు వేశారంటే, ఆ మనిషి సాయంత్రం దాకా తలెత్తుకోలేకపోయేవాడు. ముఖ్యంగా ఏ డ్రైవరైనా సీటు మీద దిండు వేసుకుని కనబడితే ఇక వాడి పని అయిపోయినట్టే. మొలల మీద ఆయన చెప్పినన్ని జోకులు నేనెక్కడా వినలేదు.

అందరికీ చాయ్, మిర్చీలు తెప్పించేవారు కానీ ఆయన మాత్రం ముట్టేవారు కాదు. అడిగితే, “నువ్వు తిను. నాకు ఆకలైతలేదు,” అనేవారు. ఇంట్లో తినివస్తారేమో అనుకునేవాణ్ణి. తర్వాత తర్వాత ఆయన ముఖం పాలిపోయింది. లారీ మెట్టు ఎక్కితే ఆయాసపడేవారు. తింటే దొడ్డికి పోవాల్సి వస్తుందని, పోతే మళ్లీ రక్తం చూడాల్సి వస్తుందని ఆయన తిండే మానేశారని అప్పట్లో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఒకరోజు మధ్యాహ్నం అందరూ బయటికి పోయాక నన్ను దగ్గరికి పిలిచారు.

“సంగమేశ్, రేపు నాతోని సంగారెడ్డి దాక వస్తవా? ఎవ్వరికి చెప్పకు.”

ఏం పనో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆస్పత్రి బోర్డు కింద దిగాకగానీ నాకు అర్థం కాలేదు. కౌంటరు దగ్గర నర్సు నన్ను చూపించి, పేషెంటుకు ఏమవుతాడని అడిగింది. సేటు కాసేపు ఆలోచించారు. “నాకేం గాడు. గందుకే తోల్కొచ్చుకున్న,” అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. కానీ ఆయన దాన్ని నన్ను చిన్నబుచ్చడానికి అనలేదు. సొంత మనిషి ముందు విప్పలేని బాధను ఏమీ కాని మనిషి ముందు విప్పొచ్చని అనుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పారంతే.

లోపల డాక్టరు ఆడమనిషి, మా సేటు పెద్దకొడుకు కన్నా కొంచెం పెద్దది అంతే. ఆమెను చూడగానే సేటు వెనక్కి తిరిగి బయటికి నడిచారు. చెప్పుల స్టాండు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డారు. కూర్చోలేరు కదా. నేను పక్కన నిలబడ్డాను. ఆయనే చెప్పడం మొదలుపెట్టారు.

“మా నాయిన గిట్లనే రక్తం పోయి పోయి సచ్చిపోయిండు. ఏం రోగమో ఎవ్వరు సూడలే. కడుపుల గడ్డ అన్నరు. నాకు గూడ గదే ఉంటదని ఇన్నేండ్లు చూపెట్టుకోలే.”

“గడ్డ కాకుంటే?” అన్నాను.

ఆయన నా వైపు చూశారు. ఆ ప్రశ్న తనకు ఎప్పుడూ తట్టనట్టు చూశారు. తర్వాత తలుపు తోసుకుని లోపలికి పోయారు.

ఆ డాక్టరమ్మ పరీక్ష చేసి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మలద్వారం లోపల అందరికీ మెత్తటి దిండ్లలాంటివి ఉంటాయట. వాటిలోని రక్తనాళాలు ఉబ్బి, పట్టు వదిలి కిందికి జారితే వాటినే మొలలంటారట. “మీవి వేలితో నెట్టినా లోపలికి పోవడం లేదు. మొదట్లోనే వచ్చి ఉంటే మందులతోనో, రబ్బరు బ్యాండు వేసో చూసేవాళ్లం. ఇప్పుడు కోసి తీసేయడమే మంచిది,” అంది. అయితే రక్తం కనబడగానే అన్నీ మొలలే అనుకోకూడదని, ఈ వయసులో పెద్దపేగును కెమెరాతో చూసి తీరాలని కూడా చెప్పింది. చూసింది. గడ్డ లేదు. ఆ మాట విన్నాక సేటు తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నారు, తుడుచుకుంటూనే ఉన్నారు. ఒంట్లో రక్తం బాగా తగ్గిందని ముందు రక్తం ఎక్కించారు. తర్వాత నడుముకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు.

ఆస్పత్రి నుంచి పంపే ముందు సేటు నాతో, “ఇంట్ల పుణె పోయిన అని చెప్పిన. జర తేరుకునేదాక నీ రూంల ఉంట. నీ ఇంట్ల ఎవ్వరు లేరు గద,” అన్నారు. నిజమే. నా భార్య పోయి అప్పటికి రెండేళ్లు. ఆమె చీరలు ఇంకా దండెం మీదే ఉండేవి. నా ఇల్లు ఖాళీగా ఉండటం ఒకరికి పనికొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అలా జహీరాబాద్‌లోనే, తన మేడకు నాలుగు వీధుల అవతల, నా ఒంటిగదిలో మాణిక్‌రావు సేటు ఒక పక్కకు తిరిగి పడుకుని పుణెలో ఉన్నారు. మత్తు దిగాక నొప్పి మొదలైంది. మొదటి వారమే కష్టమని, పుండు పూర్తిగా మానడానికి ఇంకొన్ని వారాలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. వేళకు మాత్రలు, నీళ్లలో కలిపిన ఇసబ్‌గోల్ పొట్టు, పెసరపప్పు, పాలకూర, బొప్పాయి, చెంబుల కొద్దీ నీళ్లు. దొడ్డికి పోయి వచ్చిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్ల టబ్బు. మొదటిసారి పోయిన రోజు తలుపు అవతల ఆ పెద్ద గొంతు సన్నగా మూలగడం విన్నాను. బయట గోడకు ఆనుకుని నిలబడటం తప్ప నేను చేయగలిగింది లేదు. బయటికి వచ్చి, “అయిపోయింది,” అన్నారు. పరీక్ష రాసి వచ్చిన పిల్లవాడిలా ఉన్నారు.

సాయంత్రాలు ఇంటి నుంచి భార్య శకుంతలమ్మ ఫోన్ చేసేది. ఏం తిన్నారని, ఎప్పుడొస్తారని అడిగేది. “పుణెల వానలు పడుతున్నయా?” అని ఒకరోజు అడిగింది. సేటు కిటికీలోంచి ఎండను చూసి, “ఆఁ, మస్తు పడుతున్నయ్,” అన్నారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నారు. నవ్వొచ్చే సంగతే. ఇద్దరం నవ్వలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం రక్తం పడింది. మగ్గుతో నీళ్లు పోసినా ఎర్రగానే కనబడుతోందని లోపలి నుంచి పిలిచారు. నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. కొద్దిగా పడటం మామూలేనని, గడ్డలు గడ్డలుగా వచ్చినా, ఆగకపోయినా, జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా వెంటనే తీసుకురమ్మని చెప్పింది. కాసేపటికి ఆగిపోయింది. కానీ సేటు ముఖంలో ఏదో తెగిపోయింది.

“నేను ఈడ సచ్చిపోతే శకుంతల నన్ను పుణెల ఎతుకుతది,” అన్నారు. “ఇంటికి ఫోన్ చెయ్, సంగమేశ్.”

శకుంతలమ్మ ఆటోలో వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మంచం మీద ఉన్న మనిషిని, మూలనున్న టబ్బును, మాత్రల కవరును చూసింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఒకటే గది కావడంతో నేను పొయ్యి వైపు తిరిగి చాయ్ పెడుతున్నట్టు నిలబడ్డాను.

“ఎన్ని ఏండ్ల సంది?” అంది.

“శాన ఏండ్లే.”

“నాకెందుకు చెప్పలే?”

ఆమె కొంగు సర్దుకుంది. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు మామూలుగా అంది. “చిన్నోడు పుట్టినప్పటి సంది నాకు గూడ ఉన్నది.”

చిన్నోడు అప్పటికి కాలేజీ చదువుతున్నాడు.

“మరి నువ్వెందుకు చెప్పలే?” అన్నారు సేటు.

“మీరు నవ్వుతరని.”

ఒకే ఇంట్లో, ఒకే బాధతో, ఇన్నేళ్లు ఒకరికొకరు కనబడకుండా తిరిగారు. నా భార్యకు కూడా నాతో చెప్పనిదేమైనా ఉండేదా అని నాకు అప్పుడు మొదటిసారి అనిపించింది. అడగడానికి ఆమె లేదు. పొంగిన చాయ్‌ని దించడం కూడా మరిచిపోయాను. ఆ సాయంత్రమే శకుంతలమ్మ ఆయన్ని ఇంటికి తీసుకెళ్లింది. తేరుకున్నాక ఆయనే ఆమెను అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆమెది అంత ముదరలేదు. తిండి మార్చి మందులు వాడితే సరిపోతుందని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పారట.

సేటు మళ్లీ ఆఫీసుకు వచ్చిన కొన్నాళ్లకు ఒక డ్రైవరు దిండు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. అలవాటు కొద్దీ నలుగురు నవ్వారు, సేటు ఏమంటారా అని ఆయన వైపు చూశారు. ఆయన తన ఎప్పటి గొంతుతోనే, “నాకు మొలల ఆపరేషన్ అయింది. ఎవరికన్న ఉంటే దాచుకోకున్రి, నాకు చెప్పున్రి. దవాఖానకు నేనే తోల్కపోత,” అన్నారు. ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ఆఫీసులో నవ్వులు తగ్గాయి, ఆయనతో చాయ్ తాగేవాళ్లూ తగ్గారు. పెద్దమనిషి అలాంటి మాట పదిమందిలో అంటాడా అని బయట చెప్పుకున్నారు. సేటుకు అది తెలుసు. “నవ్వుడైతే బందైంది, సంగమేశ్. మాట్లాడుడు ఇంకా మొదలైతలేదు,” అన్నారొకసారి. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. కొన్నేళ్లకు గుండెపోటుతో పోయారు.

నాకు మొదటిసారి రక్తం కనబడినప్పుడు నేను ఆగలేదు, మరునాడే డాక్టరు దగ్గరికి పోయాను. అది ధైర్యమేమీ కాదు. దాచుకోవాలన్నా ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా. మందులతో కొన్నాళ్లు నెట్టుకొచ్చి, చివరికి ఆపరేషన్ తప్పలేదు. నిన్న సాయంత్రం పక్కింటి మాస్టారు, వారంగా కనబడలేదేమని అడుగుతూ గుమ్మంలోకి వచ్చారు. ఆయన తల్లిదండ్రులకు ఒక్కడే సంతానం, ఆ సంగతి తనే నాకు చాలాసార్లు చెప్పారు. జ్వరమని చెబితే సరిపోయేది. “మొలల ఆపరేషన్ అయింది, మాస్టారూ,” అన్నాను. వీధిలోకి వినబడేంత గట్టిగానే వచ్చింది నా గొంతు. ఆయన నేల చూపులు చూశారు. వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లబోయి, గుమ్మం పట్టుకుని ఆగారు.

“ఏ డాక్టరు?” అన్నారు. మళ్లీ, “నాకు గాదు, మా తమ్మునికి,” అన్నారు.

“ఎన్ని దినాల సంది బాధపడుతున్నడు?”

“ఎనిమిది నెలలాయె.”

డాక్టరు పేరు, ఆస్పత్రికి పోయే దారి చెప్పాను. తోడు కావాలంటే, నేను సరిగ్గా నడవగలిగాక వస్తానని చెప్పాను. “కోసుడంటే శాన భయపడుతుండు,” అన్నారాయన, నా ముఖం చూడకుండా.

“అందరికీ కోయరు మాస్టారూ. ముందుగాల చూపెట్టుకొమ్మనున్రి,” అన్నాను. “మీ తమ్ముణ్ణి భయపడొద్దని నేను చెప్పిన అని చెప్పున్రి.”