నీలం ఇంజను

గురజాల దగ్గర చిన్న స్టేషనున్న ఊరు మాది. ఎనభైల్లో ఆ స్టేషను ఎదుట నాకు పెయింటింగు షాపుండేది. లారీలకు రంగులు, షాపులకు బోర్డులు, ఎలక్షన్లొస్తే గోడల మీద గుర్తులు, ఏదైనా వేసేవాణ్ణి. పనిమంతుణ్ణని పొగరు కూడా ఉండేది. ఎవరైనా వంకర అక్షరాల బోర్డు పెట్టుకుంటే ఆ షాపులో సోడా కూడా తాగేవాణ్ణి కాదు.

మా మీటరుగేజీ లైను మీదికి డీజిలింజన్లు వచ్చిన కొత్త. అంతకుముందు పెద్దవాళ్ళు పొగని చూసి, కూతని విని ఏ బండో చెప్పేసేవాళ్ళు. డీజిలుకి ఆ ఆనవాళ్ళు లేవు. దాంతో మా ఊరు రంగుని పట్టుకుంది. గుంటూరు ప్యాసింజరుకి ఎర్రింజను, నడుమ మీగడరంగు పట్టీ. గూడ్సుకి నీలం ఇంజను, దాని మీద పసుపు గీతలు. రైల్వేవాళ్ళెవరూ మాకు అలా చెప్పలేదు. చూసీ చూసీ మేమే అనుకున్నాం. ముందు అన్నవాణ్ణి బహుశా నేనే.

ప్లాట్‌ఫారం మీద చెట్టు నీడ లేదు, రేకుల నీడా లేదు. అందుకని బండికి పోయేవాళ్ళంతా మా షాపు పందిట్లోనే కూర్చునేవాళ్ళు. పక్కనే బాబాయి టీ కొట్టు. పత్తి మిల్లు గోడ పక్క సందులోంచి ముందు ఇంజను కనబడేది, ఆ వెంటనే గోడ చాటుకి పోయేది. ఎరుపైతే సంచులు ఎత్తుకుని లేచేవాళ్ళు. వాడకం లేని పాత గూడ్సుషెడ్డు చుట్టూ తిరిగి ఐదు నిమిషాల్లో ప్లాట్‌ఫారం చేరొచ్చు. నీలమైతే ఇంకో టీ చెప్పేవాళ్ళు. కళ్ళు సరిగా ఆననివాళ్ళు నన్నడిగేవాళ్ళు. "ఒరేయ్ పెయింటరూ, ఏ బండ్రా అది?" అంటే నేను బ్రష్షు ఆపకుండా జవాబు చెప్పేవాణ్ణి. అదొక దర్జా నాకు.

షాపు వెనకే మా ఇల్లు. అమ్మ, చెల్లి, నేను. చెల్లి టైపు నేర్చుకుంటోంది. కోర్టులో టైపిస్టు ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతుందని, టైపు హయ్యరు పరీక్ష పాసైతే తప్పకుండా చూస్తామని గుమాస్తాగారొకాయన చెప్పాడు. ఆ మాట పట్టుకుని ఆరు నెలలు రోజూ గురజాల పోయి టైపు కొట్టింది. అన్నం ముందు కూర్చున్నా వేళ్ళు కంచం అంచు మీద ఆడుతుండేవి. పరీక్ష గుంటూరులో, పదకొండింటికి.

పరీక్ష రోజు అమ్మ పొద్దున్నే మిరప కల్లానికి పోయింది. చెల్లి హాల్‌టికెట్టు పర్సులో పెట్టుకుని పందిట్లో నా పక్కన కూర్చుంది. ఆమె కాక పై ఊళ్ళవాళ్ళు ముగ్గురు నలుగురున్నారు. సందులో నీలం ఇంజను కనబడింది.

"అన్నా, పోదునా?"

"కూచోవే. గూడ్సది. మన బండి ఏనాడన్నా టైముకొచ్చిందా?"

ఆమె లేవబోయి మళ్ళీ కూర్చుంది. లేవబోయిన మనిషిని కూర్చోబెట్టాను, అదే ఇప్పటికీ గుర్తొస్తుంది.

కాసేపటికి బ్రేకుల చప్పుడు వినబడింది. గూడ్సు మా స్టేషన్లో ఆగదు. టీ కొట్టు బాబాయి గ్లాసు కింద పెట్టి, "ఒరేయ్, ఇది ఆగిందేందిరా!" అన్నాడు. అప్పుడు పరిగెత్తాం. షెడ్డు మలుపు తిరిగేసరికి బండి కదిలింది. మగవాళ్ళు ఇద్దరు చివరి పెట్టె కమ్మీ పట్టుకుని ఎక్కేశారు. చీర కుచ్చెళ్ళు పట్టుకుని పరిగెత్తుతున్న మా చెల్లి ఎక్కలేకపోయింది. బస్సులో పోతే పరీక్ష అయిపోయాక దిగుతాం. ఆమె ఏడవలేదు. కుచ్చెళ్ళు సర్దుకుని, "ఇంటికి పోదాం పా" అంది.

మర్నాడు ప్యాసింజరు వచ్చే టైముకి కోపంగా ప్లాట్‌ఫారం మీదికి పోయాను. మళ్ళీ ఆ నీలం ఇంజనే. మెట్టు దగ్గర బూట్లు తగిలి పెయింటు లేచిపోయి ఉంది. గోరుతో గీకాను. కింద ఎరుపు, దాని పక్కన మీగడరంగు. మా పాతింజనే, ఇంజన్ల షెడ్డులో రంగు మార్చుకుని వచ్చింది. పాతది సరిగా గీకకుండా పైన పూసేశారని ముందు తిట్టుకున్నాను. ఆ తర్వాత సిగ్గేసింది. వారం కిందటే ఒక పాత లారీకి ఆకుపచ్చ తీసి పసుపు వేశాను, దాని ఓనరే దాన్ని పోల్చుకోలేకపోయాడు. రంగు మార్చడమే నా బతుకు. రంగుని నమ్మి మోసపోవాల్సినవాడు ఇంకెవడైనా కావాలి కానీ నేను కాదు.

ఇది నా తెలివితక్కువతనం. నేను చేసిన తప్పు మాత్రం వేరే ఉంది.

బండి పోయిన రోజు సాయంత్రం అమ్మ కల్లం నుంచి వచ్చింది. చెల్లి ఇంట్లో కనబడగానే గుండె మీద చెయ్యేసుకుంది. "ఏమే, పోలా?"

నేను నోరు తెరిచేలోపు చెల్లి అంది: "జడేసుకుంటా ఆలస్యం చేశానమ్మా. బండెళ్ళిపోయింది."

నిజానికి ఇంట్లో అందరికంటే ముందు తయారైంది తనే. అమ్మ ఒళ్ళు మండి, "ఆరు నెల్లు టైపు కొట్టింది ఇందుకా? చానా గొప్పదానివే! జడేసుకుంటా కూచున్నావా!" అని చీకటి పడేదాకా తిట్టింది. నేను నా బ్రష్షులు కిరసనాయిల్లో కడుక్కుంటూ కూర్చున్నాను. నేను గూడ్సని కూర్చోబెట్టిన సంగతి బాబాయి కూడా ఎవరితోనూ అనలేదు.

తర్వాత చెల్లిని అడిగాను, ఎందుకలా చెప్పావని.

"అమ్మ నిన్నంటే పందిట్లో అందరూ ఇంటారు అన్నా. నన్నంటే ఇంట్లోనే ఉంటది."

మళ్ళీ ఆరు నెలలకు పరీక్ష రాసి పాసైంది. అప్పటికి కోర్టు ఉద్యోగం ఇంకొకరికి పోయింది. నరసరావుపేటలో ఒక ప్లీడరు దగ్గర టైపు చేస్తూనే ఆమె సర్వీసంతా గడిచింది. అమ్మ మాత్రం వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది, జడ మూలాన సర్కారు ఉద్యోగం పోగొట్టుకుందని. చెల్లి నవ్వి ఊరుకునేది. నేనూ ఆ పక్కనే ఉండేవాణ్ణి. ఒకటి రెండుసార్లు చుట్టాలతో కలిసి నవ్వాను కూడా.

అమ్మ పోయి మూడేళ్ళయింది. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని అన్నం తినిపిస్తున్న చెల్లితో, "అన్నీ బాగానే చేస్తావే, ఆ ఒక్క రోజు బద్ధకించావు" అంది. చెల్లి నా వైపు చూడలేదు. నేను చెబుతానేమోనని కాసేపు ఆగింది. తర్వాత, "అవునమ్మా" అంది.