మజ్జిగ సీసాతో కుర్చీ ఎక్కిన రోజు

మా చిన్నప్పుడు... ఎండాకాలం వచ్చిందంటే మా నాన్న భోజనం కుర్చీలో కూర్చుని కొండెక్కేది!

నవ్వకండి, నిజమే. నార్త్ కరోలైనా కొండల్లో ఒక చిన్న స్కీ రిసార్ట్‌లో నాన్న మెకానిక్. అది పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యో... నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చలికాలంలో మంచు మీద జారడానికొచ్చే జనాన్ని పైకి తీసుకెళ్ళే కుర్చీలు ఇనప తీగకు వరసగా వేలాడుతుండేవి. రిసార్ట్ వాళ్ళిచ్చిన మా ఇల్లు కొండ కిందే.

మంచు కరిగితే ఇక ఆ కొండ ఊసే ఎవరికీ పట్టదు... మోకాలెత్తు గడ్డి, అందులో జింకలు, టార్పాలిన్లు కప్పిన, మంచు కురిపించే మిషన్లు. గేటు దగ్గర బోర్డు మీద మార్చిలో రాసిన మంచు కొలత ఆగస్టులోనూ అలాగే ఉండేది. చెరిపే నాథుడు లేడు. మిగిలేది మేమూ, కింద మోటారు నడిపే వాల్టర్ అంకులూ.

నాన్న కొండ మీద ఆ తీగ తిరిగే పెద్ద చక్రానికి గ్రీజు పెట్టి, నట్లు బిగించి, ఖాళీ కుర్చీలు తిప్పించి చూసేవారు. మధ్యాహ్నం అమ్మ వేడివేడిగా కేరియర్ సర్దితే, నేను పాత చీర పేలికతో దాన్ని కుర్చీకి కట్టేదాన్ని. పైన నాన్న విప్పుకుని, అక్కడి రేకుల గదిలో ఉన్న ఫోన్‌లో "ఆపెయ్" అని చెప్పేవారు. వాల్టర్ అంకుల్ మోటారు ఆపి, ట్రక్కెక్కి తనింటికి భోజనానికి వెళ్ళిపోయేవారు. ఇది మా ఇంటి రూలు... వేసవిలో కుర్చీ మీద మనిషి ఎక్కకూడదన్నది రిసార్ట్ రూలు.

చిక్కంతా మజ్జిగతోనే. దారి పొడుగునా ఊగి ఊగి ఒలికిపోయేది.

"నిన్న కూడా సగమేనటే పద్దూ! పాపం, ఆఖరి ముద్ద వట్టి అన్నం తిన్నార్ట," అంది అమ్మ ఆ రోజు.

ఏ మాటకామాటే చెప్పాలి... నాన్న మెచ్చుకుంటారన్న ఆశే నా కొంప ముంచింది. కేరియర్ కట్టేశాను. మజ్జిగ సీసా చేతిలోనే ఉంది. వాల్టర్ అంకుల్ కిటికీకి వీపు పెట్టి ఫోన్ దగ్గర కూర్చున్నారు. ఎక్కాలా వద్దా అనుకునేలోపు పది కుర్చీలు పోయాయి... పదకొండోదానిలో కూర్చుండిపోయాను.

ఎంత బాగుందో! కాళ్ళ కింద గడ్డి, ఆ తర్వాత చెట్ల చివర్లు...

ఉన్నట్టుండి కుర్చీ ఆగిపోయింది.

కేరియర్ నాన్నకు చేరింది! నేనింకా కొండ మలుపుకి ఇవతలే, నాన్నకి కనపడని చోట, లోయ మీద వేలాడుతున్నాను. కింద ట్రక్కు వెళ్ళిపోవడం కూడా కనిపించింది. అరిచాను. అంతలో ఉరుము... ఆ వెనకే వాన. నాన్న ఉన్నది రేకుల గదిలో. రేకుల మీద వాన చప్పుడులో నా గొంతు ఎక్కడ వినిపిస్తుంది? ఒక చేత్తో కుర్చీ కడ్డీ, ఒక చేత్తో సీసా పట్టుకుని తడిసి ముద్దయ్యాను. చచ్చిపోతాననే అనుకున్నాను.

ఎంతసేపటికో నాన్న జారుతూ, పడుతూ కింద లోయలోకి పరిగెత్తుకొచ్చారు.

"అమ్మడూ! కడ్డీ వదలొద్దు! నే కిందికెళ్ళి మోటారేస్తా... పైన దిగొద్దు తల్లీ! చుట్టు తిరిగి నా దగ్గరికే వచ్చెయ్!"

అని నన్నక్కడే వదిలి పరిగెత్తారు. ఆయనకు వేరే దారి లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, నాన్న నన్ను వదిలేసి వెళ్ళిపోతున్నారనే ఏడ్చాను.

చాలాసేపటికి కుర్చీ కుదుపుతో కదిలింది. మలుపు దాటి, పైన చక్రం చుట్టూ తిరుగుతుంటే రేకుల గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల కంచం. పప్పు కలిపిన అన్నం అయిపోయింది. ఒక పక్కన తెల్లటి అన్నం... మజ్జిగ కోసం ఉంచుకున్నది.

మజ్జిగ కోసం చూసుకుంటే సీసా లేదట. "మీ అమ్మ ప్రాణమైనా మర్చిపోతుంది గానీ మజ్జిగ మర్చిపోదు. మరి సీసా ఎవరి దగ్గరుందా అనుకున్నా," అన్నారు తర్వాత. అలా అనుమానమొచ్చి బయటికొచ్చారు.

కింద నన్ను దించుకుని, ఎత్తుకునే ఇంటికి తీసుకొచ్చారు. అమ్మ రెండు దెబ్బలు వేసి, నాకన్నా ఎక్కువ ఏడ్చింది. సీసాలో మజ్జిగ చుక్క ఒలకలేదు.

సాయంత్రం నాన్నే వెళ్ళి ఓనరుతో చెప్పేశారు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు! "వాల్టర్ తప్పేం లేదు. కేరియర్ పద్ధతి నాది, ఆపమన్నదీ నేనే," అన్నారట. నాన్న ఉద్యోగం పోయింది, మళ్ళీ మంచు పడే వేళకి ఆ ఇంట్లో వేరే మెకానిక్ దిగాడు. మేం ఊళ్ళో రెండు గదుల అపార్ట్‌మెంట్‌కి మారాం, నాన్న బట్టల మిల్లులో నైట్ డ్యూటీకి కుదిరారు. ఆయనకు ప్రాణమైన కొండ నా వల్లే పోయింది. ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. ఒక్కసారి అనేసినా బాగుండేదనిపిస్తుంది ఇప్పటికీ.

ఇంకొకటి కూడా మారింది. ఆ రోజు నుంచి నాన్న కంచం ముందు కూర్చుంటే, ముద్ద కలపకముందే "మజ్జిగుందా?" అని అడిగేవారు. అమ్మ గిన్నె చూపించేది కాదు... "పద్దు ఇంట్లోనే ఉందండీ," అనేది. అప్పుడు ముద్ద కలిపేవారు. నేను కాలేజీకి వెళ్ళాక ఫోన్ చేసినా అదే ప్రశ్న... "మజ్జిగుందా అమ్మడూ?"

ఇప్పుడు అదే కొండ మీద వేసవిలో టికెట్ పెట్టి మరీ జనాన్ని కుర్చీల్లో తిప్పుతున్నారు. పోయినేడు మా అమ్మాయి ఎక్కుదామంది. నేను కిందే నిలబడ్డాను.

ఇప్పుడు నేనుండే మోరిస్‌విల్‌లో మా ఫ్రిజ్ నిండా పెరుగు డబ్బాలే. మజ్జిగుందా అని అడిగే మనిషే లేరు...

మీ ఇంట్లోనూ భయాన్నీ ప్రేమనీ ఇలా ఒక చిన్న మాటలో దాచుకున్నవాళ్ళున్నారా? ఆ మాటేమిటో కింద రాయండి... చదువుకుంటాను.