కథలో అయితే దీన్నేమంటారు?

నాగేంద్ర సారుకు బీపీ లేదు, షుగరు లేదు, ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. కళ్ల ముందు ఏం జరిగినా సరే, ఇంగ్లిష్ సాహిత్యంలో దాన్నేమంటారో పక్కనున్న విద్యార్థి చేత చెప్పించేదాకా అక్కణ్నుంచి కదిలేవారు కాదు. కరెంటు పోయినా, కుక్క మొరిగినా, పెళ్లి ఊరేగింపు ఎదురొచ్చినా ఆయన ప్రశ్న ఒకటే: "కథలో అయితే దీన్నేమంటారు?" యూనివర్సిటీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పే ఈ కడప జిల్లా మనిషి గొంతు తక్కువదేమీ కాదు. ఆయన తార్నాకలో అడిగితే సీతాఫల్‌మండి స్టేషన్లో బండి కోసం నిలబడ్డవాళ్లు జవాబు ఆలోచించుకునేవాళ్లు.

తొంభైల మొదట్లో ఈ జబ్బుకు అందరికన్నా ఎక్కువగా దొరికిపోయింది రాజశ్రీ. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, వారాసిగూడలో చిన్నమ్మ శివమ్మ ఇంట్లో ఉంటూ ఎమ్మే ఇంగ్లిష్‌లో చేరింది. డిగ్రీ దాకా తెలుగు మీడియం. చేరిన కొత్తలో క్లాసులో ఏదో అడగబోయి సగం వాక్యం దగ్గర ఆగిపోతే ముందు బెంచీలు కిసుక్కున నవ్వాయి. ఆ రోజు నోటికి వేసుకున్న తాళం మళ్లీ తీయలేదు. సాహిత్య పదాల మీద పెట్టిన మౌఖిక పరీక్షలోనూ నోరు విప్పలేక తప్పింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం. అదీ పోతే సీటు పోతుంది. "సీటు పోతే సామాను సదురుకొని ఊరికొచ్చెయ్" అని తండ్రి ఎంకన్న కబురు కూడా పెట్టేశాడు.

పాపం రాజశ్రీ కష్టపడలేదని కాదు. మెటఫర్, ఐరనీ, క్లైమాక్స్ అంటూ నిర్వచనాలన్నీ బట్టీ పట్టింది. నిద్రలో గడగడా అప్పజెప్పేది. మెలకువగా ఉన్నప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం ఒక్క ముక్క వచ్చేది కాదు.

విచిత్రమేమిటంటే, సారు క్లాసులో ఆమెను ఏమీ అడిగేవారు కాదు. అడగడం అటుంచి, ఆమె కూర్చున్న వైపు కూడా చూసేవారు కాదు. "నా మీద సారుకు ఆశ పోయింది" అని రాజశ్రీ చిన్నబుచ్చుకుంది. ఆ సారే తార్నాక బస్‌స్టాపులో కనబడితే మాత్రం వదిలేవారు కాదు.

ఒక సాయంత్రం బస్సొకటి ఆగినట్టే ఆగింది. జనం సంచులతో, పిల్లలతో పరుగెత్తారు. అందరూ దగ్గరికి చేరగానే అది బుస్సుమని వెళ్లిపోయింది.

"ఏమ్మా రాజశ్రీ, ఏం జరిగింది?"

"బస్సు పోయింది సార్."

"అది నాకూ కనపడతాంది. కథలో అయితే దీన్నేమంటారు?"

"సస్పెన్సా సార్?"

"ఆగుతాదా ఆగదా అని చూసినామే, అది సస్పెన్స్. తీరా దగ్గరికి పోతే తుస్సుమనె. ఇదేంది?"

రాజశ్రీ బస్సు పోయిన వైపు చూసింది. సారు ఊరుకోలేదు. ఆ బస్సులాగే మెల్లగా నడిచి, ఆగినట్టు ఆగి, చేతిసంచీ చంకన పెట్టుకుని పరుగు తీశారు. స్టాపంతా విరగబడి నవ్వింది.

"యాంటీ క్లైమాక్స్ సార్" అంది రాజశ్రీ, ఆయన పరుగు ఆపడానికి.

"ఆ, అదీ" అంటూ సారు రొప్పుతూ వెనక్కి వచ్చారు.

స్టాపు పక్కనే చాయ్ దుకాణం నడిపే వెంకటనర్సయ్యకూ ఈ జబ్బు అంటుకుంది. "వేడి చాయ్ సదా సిద్ధం" అనే బోర్డు కింద పొయ్యి ఆరిపోయి ఉన్న రోజున సారు రాజశ్రీ చేత "ఐరనీ" అనిపించారు. ఆ మాట వెంకటనర్సయ్యకు తెగ నచ్చింది.

"పాలు ఇరిగినయ్ సార్. ఐరనీ."

"అది నష్టమయ్యా."

"మా అల్లుడొచ్చిండు సార్. ఐరనీ."

"అదీ నష్టమే" అన్నారు సారు. చాయ్ తాగేవాళ్లకు పొలమారింది.

చివరికి జబ్బు వారాసిగూడ దాకా పాకింది. "నీ కోసం సూసి సూసి కండ్లు కాయలు గాసినయ్ బిడ్డా" అని శివమ్మ అంటే, రాజశ్రీ అన్నం కలుపుకుంటూ, ఆ అతిశయోక్తికి "హైపర్‌బలీ" అనేసింది. శివమ్మ మర్నాడే తాయెత్తు కట్టించింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు యాంటీ క్లైమాక్స్ అంటే ఏమిటని అడిగాడు. బట్టీ పట్టిన నిర్వచనం ఎటో ఎగిరిపోయింది. మూలన కూర్చున్న నాగేంద్ర సారు పైకి చూస్తూ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. పోనీ, ఉదాహరణ చెప్పమన్నాడు పరీక్షకుడు. రాజశ్రీ కళ్లు మూసుకుంది. తార్నాకను, బస్సును, సంచులను, పరుగులను వచ్చీరాని ఇంగ్లిష్‌లో గదిలోకి దింపేసింది. పరీక్షకుడు పకపకా నవ్వాడు. ఒకప్పుడు ఆ నవ్వుకే ప్రాణం పోయేది. ఏడాదిగా నవ్వుల మధ్యే జవాబులు చెప్పిన పిల్ల కాబట్టి, ఆయన నవ్వడం అయ్యేదాకా ఆగి, మిగతాది కూడా చెప్పింది. పాసయింది.

ఆ సంతోషంతో మిఠాయి పొట్లం పట్టుకుని తార్నాకలో సారు ఇంటికి వెళ్లింది. సారు లేరు. ఆయన భార్య సరోజమ్మ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. ఇన్నాళ్లుగా మనసులో ఉన్న జాలి రాజశ్రీ నోటివెంట వచ్చేసింది.

"ఇంట్ల గూడ సారు గిట్లనే అడుగుతరా అమ్మా? ఎట్ల వేగుతున్నరు?"

"ఇంట్లోనా? కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పడమ్మా ఆ మనిషి. మూగమొద్దు."

రాజశ్రీ నమ్మలేదు. సరోజమ్మ గొంతు తగ్గించింది.

"నవ్వులకు భయపడి చదువు మానుకున్న పిల్లోళ్లను చానామందిని చూసినాడు. క్లాసులో అడిగితే నిన్ను చూసి నవ్వుతారు పాపా. రోడ్డు మీద ఈయన గంతులేస్తా అడిగితే ఈయన్ను చూసి నవ్వుతారు. ఆ సందులో నువ్వు తప్పో ఒప్పో చెప్పేస్తావు. మొదట్లో నాకూ సిగ్గయితాండె. నీకు చెప్పినానని మాత్రం ఆయనకు తెలీనీయొద్దు."

క్లాసులో తనవైపు చూడని ఆ చూపు విలువ ఎంతో రాజశ్రీకి అప్పుడు తెలిసింది.

ఇంతలో నాగేంద్ర సారు పిల్లిలా మెట్లెక్కి వచ్చారు. గుమ్మం దగ్గర ఆడపిల్ల చెప్పులు చూశారు. అంతే, గొంతు ఇంటి కప్పును తాకింది.

"గురువు లేని ఇంట్లో శిష్యురాలు కూర్చోనుందే. కథలో అయితే దీన్నేమంటారు?"

పై వాటాలో ఎవరో కిటికీ తెరిచి నవ్వారు. సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. లేచి సారు కాళ్లకు దండం పెట్టాలనిపించింది రాజశ్రీకి. పెడితే గుట్టు బయటపడుతుంది. అందుకని పై వాటాకు వినబడేటట్టు చెప్పింది.

"డ్రమాటిక్ ఐరనీ సార్. చూసేటోళ్లకు తెల్సిన ముచ్చట కథల మనిషికి తెల్వదు."

సారు నెత్తి గోక్కున్నారు. "ఇక్కడ అదెట్ల కుదురుతాదమ్మా? ఎవరికి తెలీనిది ఏముంది?"

"కథల మనిషికి చెప్పొద్దు సార్" అంది రాజశ్రీ, మిఠాయి పొట్లం విప్పుతూ.